పడింది అంటే ఏం పడింది?

నేను వెళ్ళేసరికి మా బావ కేసు మూసేసి టీ తాగుతున్నాడు.

ఆయనకది మొదటినుంచీ ఉన్న జబ్బే. ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్న నాటినుంచి ముందు తీర్పు చెప్పి, తర్వాత తీరిగ్గా సాక్ష్యాలు వెతుక్కుంటాడు. మా అక్క మొగుడు కాబట్టి ఈ మాట నేను ఆయన మొహానే అనేస్తాను. అనలేక కడుపులో దాచుకున్నవాళ్ళు ఆయన స్టేషన్నిండా ఉన్నారు.

"వచ్చావా డిటెక్టివమ్మా," అన్నాడు, కప్పు దించకుండానే. "పాపం, నీకు ఫీజు దక్కేలా లేదు. ఆవిడ కాలవలో దూకేసింది."

"శవం దొరికిందా బావా?"

"చెప్పులు దొరికాయి. శవం అదే దొరుకుతుంది."

ఆవిడ అంటే మేం వరండాలో నిలబడ్డ ఆ ఇంటి చిన్నకోడలు. ఇంట్లో ఉండేది ఇద్దరే తోడికోడళ్ళు. మొగుళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. చిన్నావిడ ముప్ఫై ఏళ్ళు టైలరింగ్ షాపు నడిపింది. ఖర్చులు పోగా మిగిలినదంతా పట్టుకెళ్ళి ఒకే ఒక్క బీమా కంపెనీ షేర్లలో పెట్టింది. ఆ కంపెనీకి ఆర్భాటం తక్కువ, పంచిపెట్టే బుద్ధి ఎక్కువ. షేరు ధర ఏళ్ళ తరబడి ఉన్నచోటే కునుకు తీస్తుంది గానీ ఏటా ఇచ్చే డివిడెండ్ మాత్రం బ్యాంకు వడ్డీని వెక్కిరిస్తుంది. షాపు మూసేశాక ఆవిడ తిండీ బట్టా మందులూ సినిమాలూ అన్నీ దానిమీదే. ఒకరి డబ్బుతో టీ కూడా తాగదు. వీధిలో అందరూ ఆవిడని డివిడెండమ్మ అంటారు. ఆవిడా ఆ పేరుకి హాయిగా పలుకుతుంది.

నిన్న పొద్దున సంచీ తగిలించుకుని బయటికెళ్ళిన డివిడెండమ్మ రాత్రి ఇంటికి రాలేదు. ఫోను తియ్యడం లేదు. ఈ పొద్దున కాలవ వంతెన పక్కన ఆవిడ చెప్పులు కనిపించాయి. మా బావకి అంతకంటే ఏం కావాలి?

నన్ను పిలిచింది పెద్దకోడలు. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది. "నలభై ఏళ్ళుగా దాంతో పోట్లాడుతున్నానమ్మా. నిన్నటినుంచి ఇంట్లో మాటా పలుకూ లేదు. నాకు పిచ్చెక్కేలా ఉంది. దాన్ని వెతికి తీసుకురా. మిగతాది నేను చూసుకుంటాను."

వెతకడానికి నాకు ఎక్కువ వ్యవధి లేదు. మధ్యాహ్నం మూడున్నరకి షేర్ మార్కెట్ మూసేస్తారు. ఈలోగా డివిడెండమ్మ షేర్లన్నీ అమ్మేయడానికి ఆవిడ మేనల్లుడు కాగితాలతో సిద్ధంగా ఉన్నాడు. తన ఆచూకీ తెలియకుండా పోతే తన తరఫున షేర్లు అమ్మే అధికారం మేనల్లుడిదేనని ఆవిడ రాసిచ్చిన ఉత్తరం ఒకటి అతని దగ్గర ఉంది. దానికి తోడు ఆవిడ ఆచూకీ లేదని పోలీసువారి సంతకం ఒక్కటి కావాలి. ఆ కాగితం అప్పటికే మా బావ జేబులో ఉంది. కలం మూత తియ్యడమే తరువాయి.

"అవి అమ్మేస్తే అది తిరిగొచ్చినా చచ్చినట్టేనమ్మా," అంది పెద్దావిడ. "ఒకరి ముందు చెయ్యి చాచి ఒక్క పూట కూడా బతకలేదు అది."

మేనల్లుడు ముందుగదిలో సోఫా అంచున కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. షేర్ల బ్రోకరు ఆఫీసులో పని. ఇస్త్రీ మడత నలగని చొక్కా, దువ్విన క్రాపు. ఏడ్చిన ఆనవాలు కళ్ళలో లేదు గానీ గొంతులో సిద్ధంగా పెట్టుకున్నాడు. అత్తయ్య ఈమధ్య దిగులుగా ఉండేదా అని అడిగాను.

"మూడు వారాల కిందట మొదలైంది మేడమ్," అన్నాడు. "మార్కెట్ తెరవడంతోనే షేరు ఢమాల్‌న పడింది. ఆ రోజునుంచి ఆవిడ మనిషి కాలేదు. అన్నం సయించలేదు. నా ముందే వెక్కి వెక్కి ఏడ్చింది. నిన్న మళ్ళీ పడేసరికి తట్టుకోలేకపోయింది."

"నిన్న పడిందని మీకెవరు చెప్పారు?"

పెద్దత్తయ్యగారే స్వయంగా విన్నారని పెద్దావిడ వైపు చూపించాడు. ఆవిడ తలూపింది. నిన్న పొద్దున చిన్నావిడ ఫోనులో ఏదో చూసుకుని, ఉన్నపళంగా కుర్చీలో కూలబడిందట. కళ్ళలో నీళ్ళు తిరిగాయట. "పడింది అక్కా, పడింది. ఇక నేను ఆగను," అని సంచీ తీసుకుని వెళ్ళిపోయిందట. అంతకు కాసేపటి ముందే కుళాయి కట్టలేదని ఇద్దరికీ తగువైంది. అందుకని పెద్దావిడ మూతి బిగించుకుని, ఏం పడిందని అడగలేదు. అడిగి ఉంటే ఇంత జరిగేది కాదని ఇప్పుడు చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నాకు ఆవిడ మీద చాలా జాలేసింది.

నా చూపు మాత్రం మేనల్లుడి మీదే ఉంది. నేను ఈ వృత్తిలోకి రాకముందు బీమా కంపెనీలోనే క్లెయిముల విచారణ చేసేదాన్ని. అక్కడ టీ అందించే అతనికి కూడా ఒక సంగతి తెలుసు. ఫలానా తేదీకి షేరు ఎవరి పేరున ఉంటే ఆ ఏడాది డివిడెండ్ వాళ్ళకే. ఆ తేదీ దాటాక కొన్నవాడికి అది రాదు. రానిదానికి ఎవరైనా డబ్బు పెడతారా? అందుకే ఆ పొద్దున షేరు ధర ఆ మేరకు తగ్గి మొదలవుతుంది. డివిడెండ్ మీద బతికేవాళ్ళకి అది చావు కబురు కాదు, రాబోయే డబ్బు తలుపు కొట్టిన చప్పుడు.

పెద్దావిడని అడిగాను, మూడు వారాల కిందట షేరు పడ్డ రోజున చిన్నావిడ నిజంగానే ఏడ్చిందా అని.

"ఏడవడమా," అంది ఆవిడ. "రోజల్లా ఈల వేసింది. ఏటా అంతే. ఆ రోజున దాని పాటలు వినలేక నేను చెవుల్లో దూది పెట్టుకుంటాను."

మేనల్లుడు ఫోను పక్కన పెట్టాడు. తన ముందు ఏడ్చిందనీ, పెద్దత్తయ్య ముందు పైకి నవ్వి ఉంటుందనీ సర్దబోయాడు. నేను ఇంకేం అడగలేదు. ఒకటి మాత్రం మనసులో వేసుకున్నాను. షేర్ల ఆఫీసులో కూర్చునే ఈ పెద్దమనిషికి రోజూ మారే ధర తప్ప, ఏటా వచ్చే డివిడెండ్ సంగతి పట్టదు. పట్టి ఉంటే అబద్ధానికి ఇంకో రోజు ఎంచుకునేవాడు.

చిన్నావిడ కుట్టుగది చూస్తానన్నాను. అందులోకి తనని కూడా అడుగు పెట్టనిచ్చేది కాదని గొణుగుతూనే పెద్దావిడ తాళం తీసింది.

గది అద్దంలా ఉంది. గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర గోడకి మేకున వేలాడుతోంది. బల్లమీద మాత్రం చిన్న కత్తెర ఒకటి తెరిచి ఉంది. ఏ టైలరూ గుడ్డ కత్తెరని కాగితానికి వాడనివ్వదు, పదును చచ్చిపోతుంది. అంటే ఆఖరున ఇక్కడ కోసింది కాగితం. చెత్తబుట్టలో చెయ్యి పెడితే మెరిసే కాగితపు సన్నటి పట్టీలు వచ్చాయి. కొన్ని నీలం, కొన్ని తెలుపు. ఫొటోల అంచులు. కొలతకి మించిన ఫొటోలని ఎవరో అంచులు కోసి సరిచేశారు. రెండు రంగులంటే రెండు ఫొటోలు, ఇద్దరు మనుషులు.

కుర్చీ కింద ముదురు బూడిదరంగు కోటుగుడ్డ పీలికలు ఉన్నాయి. మగవాళ్ళ కోటు. మగపురుగు లేని ఇంట్లో కోటేమిటి?

బల్ల సొరుగులో భుజాలకి పెట్టే ప్యాడ్ల కవర్లు రెండు ఉన్నాయి. జతకి రెండు చొప్పున నాలుగు ఉండాలి. మిగిలింది ఒకటే. అంటే కోటులోకి మూడు వెళ్ళాయి, ఒక భుజానికి ఒకటి, రెండో భుజానికి రెండు. ఆ కోటు తొడుక్కునే మనిషికి ఒక భుజం దిగి ఉంటుంది. చిన్నావిడ ఆ వంకర బయటికి కనిపించకుండా ప్రేమగా సరిచేసింది.

దారపు ఉండలన్నీ వరసలో ఉన్నాయి, బూడిదరంగుది తప్ప. బొత్తాల అట్ట కూడా లేదు. కోటుకి ఇంకా కాజాలు కుట్టలేదన్నమాట. కాలవలో దూకేవాళ్ళు కాజాల దారం వెంట పెట్టుకుని వెళ్ళరు.

నాకు నవ్వు ఆగలేదు. పెద్దావిడ హడలిపోయి ఏమైందని అడిగింది. మీ తోడికోడలు నిక్షేపంలా ఉంది, ఏం కట్టుకుంటారో కట్టుకుని బయల్దేరండి అన్నాను. దొరికితే చంపేస్తానని అంటూ ఆవిడ లోపలికి పరిగెత్తింది.

వరండాలోకి వచ్చేసరికి బావ జేబులోంచి కాగితం తీసి గోడకి ఆనించాడు. పక్కన మేనల్లుడు చేతిలో కలంతో నిలబడ్డాడు. నేను ఆ కలం అందుకున్నాను.

"మళ్ళీ మొదలెట్టావా," అన్నాడు బావ. "పనికిమాలిన అనుమానాలతో నా పనికి అడ్డం రాకు. మన కుర్రాడు నిజాయితీపరుడు. నా డబ్బు కూడా అతనే చూస్తాడు."

మేనల్లుణ్ణి లోపల కూర్చోమని చెప్పి, బావని జీపు దాకా లాక్కెళ్ళాను.

"నిన్న ఏం పడింది బావా?"

"షేరు."

"నిన్నటి ధర చూశారా?"

చూడలేదు. ఫోను తీసి చూపించాను. నిన్న ఆ షేరు పడలేదు, కాస్త పెరిగింది కూడా. బావ కళ్ళు చికిలించి అంకెలు రెండుసార్లు చదివాడు.

"అయితే మనిషే పడి ఉంటుంది," అన్నాడు. "కాలవలో."

"ఇంట్లో కుర్చీలో కూర్చుని, పడకముందే పడిందని చెప్పిందా?"

బావ మొహం ఎర్రబడింది. పోలీసు ఉద్యోగం తెలియని ఆడపిల్లలు తనకి పాఠాలు చెప్పనక్కర్లేదనీ, నా పద్ధతులు బీమా కంపెనీలో దొంగ బిల్లులు పట్టుకోడానికి పనికొస్తాయి గానీ చావు కేసులకి పనికిరావనీ, పది నిమిషాల్లో సంతకం పెట్టేస్తాననీ ధాటిగా చెప్పాడు. నేను అంతా విన్నాను. ఆయన ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు ఒక్క ప్రశ్న వేశాను.

"నెల మొదట్లో జీతం రాగానే మా అక్కకి ఫోను చేసి ఏమంటారు?"

"పడింది అంటా..."

"అదే పడింది బావా. నిన్న పొద్దున ఆవిడ ఖాతాలో డివిడెండ్ పడింది. కళ్ళ నీళ్ళు తిరిగింది సంతోషంతో."

మరి వంతెన దగ్గర చెప్పుల సంగతేమిటన్నాడు బావ. వంతెన పక్కనే చెప్పుల కొట్టుందనీ, కొత్తవి కొన్నవాళ్ళు పాతవి అక్కడే వదిలేసి పోతారనీ, తమరు రోజూ ఆ దారినే స్టేషనుకి వెళతారనీ గుర్తు చేశాను. మరి ఇక ఆగనని ఎక్కడికి వెళ్ళిందన్నాడు. ఇద్దరి ఫొటోలు, ఒక మగ కోటు, కొత్త చెప్పులు. పెళ్ళిళ్ళ రిజిస్ట్రారు ఆఫీసుకి బండి తియ్యమన్నాను.

బావ పగలబడి నవ్వాడు. "అరవై మూడేళ్ళ మనిషికి పెళ్ళా? అయినా ఈ వయసులో సిగ్గులేకుండా కోటు తొడుక్కుని తయారైన ఆ ముసలాడెవడే? అలాంటివాణ్ణి ముందు లోపలెయ్యాలి."

నవ్వుతున్నప్పుడు ఆయన ఎడమ భుజం ఇంకా కిందికి జారింది. పుట్టుకతో వచ్చిన భుజం అది. ఏ ఫొటోలో చూసినా మా బావ ఎవరి మీదో ఒరిగినట్టే ఉంటాడు. వాళ్ళింట్లో అది వంశపారంపర్యం.

నేను జీపు తలుపు గట్టిగా పట్టుకున్నాను. మీ నాన్నగారు కులాసానా అని మాత్రం అడిగాను. ఈమధ్య ఆయనకి ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిందనీ, జుట్టుకి రంగు కూడా వేస్తున్నారనీ, నిన్నటినుంచి ఎవరో స్నేహితుడి ఇంట్లో ఉన్నారనీ బావ చెప్పాడు. సంతోషం అన్నాను. దారి పొడుగునా పెదవి కొరుక్కుంటూనే కూర్చున్నాను. నా పక్కన పెద్దావిడ దొరకబోయే తోడికోడలిని తిట్టడానికి మాటలు కూడబలుక్కుంటోంది.

రిజిస్ట్రారు ఆఫీసు హాల్లో మూడో బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆవిడ లేతరంగు కొత్త బట్టలు, కొత్త చెప్పులు. ఆయన బూడిదరంగు కోటు. రెండు భుజాలూ గీత గీసినట్టు సమంగా ఉన్నాయి. వెనక నిలబడ్డ నడివయసు ఆవిడ దగ్గర ఇంకా సూదీ దారం ఉన్నాయి. కుట్టుషాపులో పాత సహాయకురాలు. రాత్రంతా ఆవిడ ఇంట్లోనే కూర్చుని ఇద్దరూ కాజాలు కుట్టారని తర్వాత తెలిసింది.

కోటాయన తల తిప్పాడు.

"రా నాన్నా," అన్నాడు కొడుకుతో, అంటే మా బావతో. "సమయానికొచ్చావు. సాక్షులు తక్కువయ్యారు."

ముసలాణ్ణి లోపలెయ్యడం సంగతి ఏమైందని నేను బావని మెల్లగా అడిగాను. ఆయన నా వైపు చూసిన చూపుకి, ఇంకెప్పుడైనా అయితే భయపడేదాన్ని.

పెద్దావిడ మాత్రం తిన్నగా వెళ్ళి చిన్నావిడ ముందు నిలబడింది. దారిలో కూడబలుక్కున్న తిట్లలో ఒక్కటీ బయటికి రాలేదు. "నాతో చెప్పకుండానా," అంది, అంతే. నవ్వుతావని భయమేసిందక్కా, అందుకే ఫోనూ తియ్యలేదు అంది చిన్నావిడ. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. చూస్తున్న నాకూ ఏడుపొచ్చింది. రిజిస్ట్రారమ్మ కళ్ళజోడు తుడుచుకుని, కాస్త త్వరగా కానివ్వమంది.

కథ పెళ్ళికొడుకు చెప్పాడు. ఆయన రిటైరైన లిఫ్టు మెకానిక్. ఆయన దగ్గరా అదే బీమా కంపెనీ షేర్లు కొన్ని ఉన్నాయి. రెండేళ్ళ కిందట వాటాదారుల సమావేశానికి వెళితే, అక్కడ లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల ఇరుక్కున్నావిడ డైరెక్టర్ల జీతాల మీద ప్రశ్నలు అడుగుతూనే ఉంది. ఈయన తలుపు తెరిచి బయటికి లాగాడు. అప్పటినుంచీ ఆయన అడగడం, ఈవిడ వాయిదా వెయ్యడం. పెళ్ళి ఖర్చులో తన సగం తన డబ్బుతోనే పెడతానని ఆవిడ పట్టు. అందుకని డివిడెండ్ దాకా ఆగమంది. రిజిస్ట్రారుకి నోటీసు మాత్రం నెల కిందటే ఇచ్చి ఉంచారు.

"ఆగినందుకు ఫలితం దక్కింది," అంది డివిడెండమ్మ కళ్ళు మెరుస్తుంటే. "ఈసారి కంపెనీ మంచి మనసు చేసుకుంది. ఏటా పడేదానికి రెండింతలు పడింది."

పెళ్ళికొడుకు ఆవిడ వైపు తిరిగాడు. "అదేంటి? నాకు మామూలుగానే పడిందే."

ఒకే కంపెనీ, ఒకే ఏడాది. షేరుకి ఇంతని అందరికీ ఒకే లెక్క. ఒకరికి మామూలుగా, ఒకరికి రెండింతలు పడదు. ఆవిడకి రెండింతలు పడిందంటే, ఆ తేదీ నాడు ఆవిడ పేరున ఉండవలసిన వాటికి రెండింతలు షేర్లు ఉన్నాయి. కొన్నారా అని అడిగాను. తాను ఆఖరుగా కొని మూడేళ్ళయిందనీ, ఖాతా అంతా మేనల్లుడే చూస్తాడనీ చెప్పింది.

అప్పుడు నా వెనక మా బావ గొంతు సన్నగా వినిపించింది.

"నాకు ఈ ఏడు అసలు పడనే లేదు. నా ఖాతా కూడా ఆ కుర్రాడే చూస్తాడు."

"మీకూ ఇదే కంపెనీయా బావా?"

ఆయన తలూపాడు. మా అక్క కూతురి చదువు కోసం దాచినదంతా అందులోనే ఉంది.

అక్కడే కూర్చుని విడమరిచి చెప్పాను. మేనల్లుడు తన దగ్గర నమ్మి ఉంచినవాళ్ళ షేర్లని కొద్దికొద్దిగా అత్తయ్య ఖాతాలోకి దాటించి దాచాడు. ఆవిడ కనిపించకుండా పోవడం అతని నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ ఉత్తరంతో అన్నీ ఒకేసారి అమ్మేస్తే డబ్బు అతని చేతికి, నింద చనిపోయినావిడ మీదికి. అంతా బాగానే అల్లాడు గానీ ధర మీద ఉన్న ధ్యాసలో మధ్యలో డివిడెండ్ తేదీ ఒకటి వస్తుందని మర్చిపోయాడు. దొంగసొత్తు కాస్తా దాచిన చోటే కాయలు కాసింది.

మా బావ జేబులోంచి ఆ కాగితం తీశాడు. ఇంకో పది నిమిషాలు నేను ఆలస్యంగా వెళ్ళి ఉంటే సొంత కూతురి చదువుని తన సంతకంతోనే అమ్మేసి ఉండేవాడు. నన్ను చూసి, "మరదలా," అన్నాడు. ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. నాకు అది చాలు.

డివిడెండమ్మ మొహంలో నవ్వు లేదు. మేనల్లుడి మొదటి చొక్కా తన చేత్తోనే కుట్టిందట. కాసేపు కొత్త చెప్పుల వైపు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత మా బావ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు దిగులుపడకు బాబూ. నీవి నా దగ్గరే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. పడ్డదాంట్లో నీ వంతు కూడా లెక్క చూసి ఇచ్చేస్తాను." పెళ్ళికొడుకు వైపు తిరిగింది. "చెప్పులు మాత్రం తిరిగిచ్చెయ్యాలేమో."

"చెప్పులు నావి అనుకో," అన్నాడాయన. "నాకూ పడిందిగా."

బావ అప్పటికప్పుడు జీపులో వెళ్ళి మేనల్లుణ్ణి మెడ పట్టుకుని లాక్కొస్తానని లేచాడు. నేను వద్దన్నాను. ఆ ఉత్తరం తాను రాయలేదని డివిడెండమ్మ అంటోంది. ఆవిడే రాసిందని వాడంటాడు. ఇంట్లో చూసిన పెద్దావిడ కూడా ఆ సంతకం అచ్చం ఆవిడదేనంటోంది. తెలివైన వకీలు దొరికితే వాడు తేలిగ్గా తప్పించుకుంటాడు. ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుంటే డివిడెండమ్మే అంది, వాణ్ణి ఇక్కడికి రమ్మనండి, సాక్షి ఇంకొకరు కావాలిగా అని.

బావ ఫోను చేశాడు. నాటకం ఆడటం ఆయనకి చేతకాదనుకున్నాను గానీ బాగానే ఆడాడు. కాగితం సిద్ధంగా ఉందనీ, రిజిస్ట్రారు దగ్గర ముద్ర వెయ్యాలనీ, నువ్వొచ్చి ఒక సంతకం పెడితే అయిపోతుందనీ చెప్పాడు.

మేనల్లుడు రెక్కలు కట్టుకుని వచ్చాడు. మార్కెట్ మూయడానికి ఇంకా అరగంట ఉంది. తలుపు తోసుకుని వచ్చినవాడు, బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఇటు తిరగగానే కొయ్యబారిపోయాడు.

"రా నాన్నా," అంది డివిడెండమ్మ, ఏమీ ఎరగనట్టు. "మీ అత్తయ్య పెళ్ళి. నువ్వు లేకుండా ఎలా? వచ్చి సాక్షి సంతకం పెట్టు."

వాడి కళ్ళు మా బావ మొహం వెతికాయి. బావ చల్లగా నవ్వాడు. ఎవరికీ ఏమీ తెలియలేదన్న ధైర్యం వాడి ఒంట్లోకి తిరిగి రావడం నాకు స్పష్టంగా కనిపించింది. అత్తయ్యని చూసి ఎంత సంతోషంగా ఉందో ఏదో అన్నాడు. గోడ గడియారం చూశాడు. రిజిస్ట్రారమ్మ పుస్తకం తిప్పి, వేలితో చోటు చూపించింది. పైన వధువు సంతకం, వరుడి సంతకం, సహాయకురాలిది, పెద్దావిడది ఉన్నాయి. వాడు కలం అందుకుని, మళ్ళీ గడియారం చూస్తూ గబగబా గీకేసి, వెళ్ళొస్తానని లేచాడు.

రిజిస్ట్రారమ్మ పుస్తకం తన వైపు తిప్పుకుంది. కళ్ళజోడు పైకి తోసి, పైనా కిందా చూసి, మళ్ళీ పైన చూసింది.

"తన పెళ్ళికి తనే సాక్షి సంతకం పెట్టడం కుదరదు బాబూ," అంది.

అందరం వంగి చూశాం. సాక్షి గడిలో ఉన్నది మేనల్లుడి పేరు కాదు. డివిడెండమ్మ పేరు. చివర ఆవిడ సూదికి దారం ఎక్కించినట్టు వేసే ఆ సున్నాతో సహా, పైన ఉన్నదానికీ కిందదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆ ఖాతా కాగితాల మీద ఆ పేరు రాసీ రాసీ, కంగారులో వాడి చెయ్యి తన పని తాను చేసేసింది.

డివిడెండమ్మ తన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నాకంటే వీడే బాగా పెడతాడు," అంది మా బావతో. "ఎన్నాళ్ళనుంచి నేర్చుకుంటున్నాడో, స్టేషనుకి తీసుకెళ్ళి కాస్త నెమ్మదిగా అడుగు నాయనా."